వణుకు ఎక్కడిది?

మా సంఘపు పికప్పు బండి గంటకు 60 కిలోమీటర్ల వరకు చక్కగా పోవును; 80 వద్ద వణకును. మేము వేగము తగ్గించి నెలలు గడిపితిమి. ఒక రాత్రి ప్రసవవేదన పడు సహోదరిని ఆసుపత్రికి కొనిపోవుచు త్వరపడలేకపోతిమి. తల్లీబిడ్డలు క్షేమమే, దేవునికి స్తోత్రము; అయినను సిగ్గుపడితిమి.

మరునాడు మేస్త్రీ చెప్పెను: "స్టీరింగు వణకిన ముందు చక్రములను, సీటు వణకిన వెనుక చక్రములను, షాఫ్టును చూడవలెను. ఆ వేగముననే న్యూట్రలులో వేసినను వణకిన, దోషము ఇంజనుది కాదు." మాకు స్టీరింగే వణకెను. ముందు చక్రపు రిమ్ము లోపల పిడికెడు ఎండిన బురద! గీకివేయగా వణుకు మానెను.

ప్రియులారా, చిన్న దోషము నెమ్మది దినములలో దాగును, అక్కర దినమున బయలుపడును. మెల్లగా నడచుట స్వస్థత కాదు. దావీదువలె మనమును మన లోపలి బురదను చూపుమని దేవుని వేడుకొందము.