స్వయంకృషి ఎవరి పద్దు?

తనంత తాను చదువుకునే మనిషిని మెచ్చుకోవడం మన సమాజానికి సరదా. ఆ మెప్పులో వొక మోసం వుంది. అందులో నాకూ భాగం వుంది గనుక యీ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా పూర్వ విద్యార్థి వొకడు దుకాణంలో గుమాస్తా. చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షకు వొంటరిగా చదివాడు. రాత్రి పదింటికి గది చేరి, తేలిక ఇంగ్లీషు కథలు పది పుటలు చదివేవాడు. తరువాత ఫోనులో అకౌంటెన్సీ ఉపన్యాసాల రికార్డులు ఆపి ఆపి వినేవాడు. పరీక్ష తప్పాడు.

"పట్టుదల చాలలేదోయ్" అన్నాను.

"లెక్క తెలుసు మాస్టారూ. ప్రశ్నే అర్థం కాలేదు" అన్నాడు.

పూర్వం ఓటమికి కర్మను కారణం చేశాం. నేడు పట్టుదల లేదంటున్నాం. రెండూ వ్యవస్థను విచారణ నుంచి తప్పించేవే.

జర్నల్ అంటే తాను రోజూ రాసే చిట్టా అనీ, లెడ్జర్ అంటే ఆవర్జా అనీ అతడికి ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. ఆ పరీక్ష ఇంగ్లీషులోగాని, హిందీలోగాని రాయవచ్చు; తెలుగులో వీలులేదు. తెలిసిన పనినే తెలియని భాషలో మళ్ళీ నేర్చుకోవడానికి అతడి రాత్రులు ఖర్చయ్యాయి.

చరిత్ర చూడండి. జంటపద్దు విధానాన్ని వివరిస్తూ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గ్రంథాన్ని లూకా పాచోలీ పండితుల లాటిన్‌లో రాయలేదు. వాడుక ఇటాలియన్‌లో రాశాడు. వర్తకుడికి అవసరమైనప్పుడు శాస్త్రం అతడి భాషలోకి దిగివచ్చింది. గుమాస్తాకు అవసరమైనప్పుడు మాత్రం, గుమాస్తానే శాస్త్రం భాషకు ఎక్కి రమ్మంటున్నాం!

ఐతే స్వయంకృషి వ్యర్థమా? కాదు. గురువును పదిసార్లు అడగడానికి జంకేవాడు రికార్డును పదిసార్లు తిప్పి వింటాడు. అది చిన్న స్వేచ్ఛ కాదు. కాని రికార్డు చెప్పగలదు. అతడి సందేహం వినలేదు. పైగా "స్వయం" అనే మాటే సగం అబద్ధం. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1920లలో బెంగాలీ పిల్లల కోసం పరిమితమైన మాటలతో ఇంగ్లీషు వాచకాలు కూర్చాడు. ప్రతి తేలిక కథ వెనుకా, ప్రతి ఉపన్యాసం వెనుకా అలాంటి పరుల శ్రమ వుంది. చదువు ఎప్పుడూ సామాజికమే. గెలుపునూ ఓటమినీ వొక్కడి పేర రాయడం వొంటిపద్దు లెక్క.

కనుక తెలుగులో పరీక్ష రాసే హక్కును విద్యార్థులు అడగాలి. అందుకు తగిన పాఠాలు చెప్పే బాధ్యత మా అధ్యాపకులది.

అంకణా రెండు వైపులా కలవకపోతే పద్దు ఎక్కడో తప్పిందని గుమాస్తాకు తెలుసు. ఆ తప్పు అతడి వైపే వుందని నేను తీర్పు చెప్పాను. ఆ పద్దు దిద్దుకుంటున్నాను.