తెలియదనుట చాలునా?

మా సంఘములోని యొక యౌవనస్థుడు తిరుపతిలో గేట్లు, గ్రిల్లులు చేయు వెల్డింగు షాపులో ఏడేండ్లుగా పని చేయుచున్నాడు. ఒక మంగళవారము ఉదయమున అతని తల్లి నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, రాత్రంతా పిల్లోడు వణికిపోయినాడు. చలిజ్వరమేమో, వచ్చి చూడండి" అనెను. నేను వెళ్లి చూడగా అతడు దుప్పటి కప్పుకొని గోడకానుకొని కూర్చుండెను. నోట ఇనుము చప్పరించినట్లున్నదనియు, ఎంత నీరు త్రాగినను దాహము తీరలేదనియు చెప్పెను.

"నిన్న ఏమి పని చేసినావు, నాయనా?" అని అడిగితిని.

"జి.ఐ. పైపులు అతికినాము, అయ్యగారూ. ఆ పైపులు పట్టిన దినమంతా ఇట్లే. బెల్లం ముక్క తిని, పాలు తాగి పడుకుంటే రేపటికి పోతుంది. మా షాపులో అందరికీ ఉండేదే ఇది."

బుధవారము అతడు మరల బస్సెక్కి పనికి పోయెను.

ప్రియ చదువరులారా, ఆ జ్వరము సంగతి మీరును తెలిసికొనవలెను. మన పల్లెల పిల్లలు అనేకులు తిరుపతి, రేణిగుంట, చిత్తూరు షెడ్లలో ఈ పనియే చేయుచున్నారు. జి.ఐ. పైపునకు తుప్పు పట్టకుండుటకై జింకు పూత పూయుదురు. వెల్డింగు మంటకు ఆ జింకు ఆవిరియై, గాలి తగలగానే సన్నని తెల్లని పొగయగును. దానిని పీల్చిన కొన్ని గంటలకు చలియు జ్వరమును వచ్చి, ఒకటి రెండు దినములలో వాటంతట అవే పోవును. బెల్లమును పాలును దానిని కుదుర్చునవి కావు. వారమంతయు ఆ పొగలోనున్న దేహము కొంత ఓర్చుకొనును. ఆదివారము విశ్రాంతితో ఆ ఓర్పు పోవును. సోమవారము జ్వరము తిరిగి వచ్చును. అందుచేతనే దీనిని సోమవారపు జ్వరమని పిలిచిరి. అయినను చలిజ్వరము వచ్చినప్పుడు రక్తపరీక్ష మానరాదు. ఊపిరాడని యెడల వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇది తన్ను తాను తెలియజేసికొను జ్వరము. చప్పుడు చేయక లోపల చేరునవి వేరుగా కలవు. ఉక్కులోను వెల్డింగు రాడ్డులోను ఉన్న మాంగనీసు ఏండ్ల తరబడి పీల్చబడిన యెడల మెదడును తాకి, చేతులకు వణుకును నడకకు మందగింపును తేగలదు. స్టెయిన్‌లెస్ స్టీలును అతుకునప్పుడు క్రోమియము, నికెలు పొగలో కలియును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2017లో వెల్డింగు పొగను మనుష్యులకు క్యాన్సరు కలిగించు వాటి వరుసలో చేర్చినది.

ఆ వారములోనే నేను తిరుపతికి పోయి షాపు యజమానిని చూచితిని. అతడు క్రూరుడు కాడు. ఈ పిల్లవాని చెల్లెలి పెండ్లికి అడుగకముందే అడ్వాన్సు ఇచ్చినవాడు. నా మాట విని అతడు, "అయ్యగారూ, ఇరవై ఏండ్లు నేనూ ఈ పొగలోనే పని చేసినాను. నాకేమీ కాలేదు. ఆ పొగలో ఏముందో, ఎంత ఉందో నాకెట్లా తెలుస్తుంది?" అనెను.

ఈ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు. తెలియని కీడునకు మనుష్యుడు ఉత్తరవాదియగునా?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఇల్లు కట్టువానికి ఒక కట్టడ కలదు. క్రొత్త ఇంటి మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. కట్టనందున ఎవడైనను పడినయెడల ఆ దోషము ఇంటివానిదే. ఆ యింటివాడు ఎవనిని త్రోయలేదు. ఎవడు పడునో, ఎప్పుడు పడునో ఎరుగడు. అయినను తప్పించుకొనలేడు, ఏలయనగా మిద్దె ఎంత ఎత్తో అతని కంటికి కనబడుచున్నది. పొగ సంగతి అట్లు కాదు. దాని కణములు తలవెండ్రుక మందములో నూరవవంతైనను ఉండవు. ఆ మిద్దె యెత్తు కంటికి తెలియదు, కొలతకే తెలియును. కొలుచుటకు సాధనము లేని దినములలో "తెలియదు" అనుట నిజమైన ఉత్తరము. సాధనము వచ్చిన తరువాత అది "తెలిసికొనను" అనుటతో సమానము కాదా?

సాధనము వచ్చి చాల కాలమైనది. పనివాని నడుమునకు చిన్న పంపును కట్టి, దాని గొట్టపు కొనను మెడపట్టీకి, నల్లద్దపు ముసుగు లోపల, ముక్కునకు సమీపముగా తగిలింతురు. అది నిమిషమునకు రెండు లీటర్ల గాలిని ఒక చిన్న వడపోత కాగితము గుండ లాగును. ఎనిమిది గంటలలో 960 లీటర్లు, అనగా సుమారు ఒక ఘనపు మీటరు గాలి. ఆ కాగితమును పనికి ముందును పని తరువాతను తూచిన యెడల, పెరిగిన బరువే అతడు పీల్చిన గాలిలోని పొగ లెక్క.

1948 ఫ్యాక్టరీల చట్టమునకు 1987లో జరిగిన సవరణ, ఘనపు మీటరు గాలిలో వెల్డింగు పొగ 5 మిల్లీగ్రాములు మించరాదనెను. బియ్యపు గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు. దానిలో నాలుగవ వంతన్నమాట. నెదర్లాండ్స్ దేశములో ఈ హద్దు ఒక్క మిల్లీగ్రామే. కాబట్టి చట్టపు అంకె మనస్సాక్షికి తుది హద్దు కాదు. ఆ చట్టము స్థానమున 2025 నవంబరు 21న క్రొత్త స్మృతి అమలులోనికి వచ్చినది. పాతదైనను క్రొత్తదైనను, ముగ్గురు నలుగురు పనివారు గల షెడ్డు సాధారణముగా వాటి లెక్కకు అందదు. అక్కడ తనిఖీ అధికారి రాడు. యజమాని మనస్సాక్షియే తనిఖీదారు.

ఇంకొక సంగతి. 1960లో ఇంగ్లండులోని హార్వెల్ అణుశక్తి కేంద్రమున ఇద్దరు పరిశోధకులు పనివాని దేహమునకే తగిలించు ఇట్టి సాధనమును చేసిరి. ఒకచోట నిలిపియుంచిన సాధనముకంటె మెడ చెంతనున్నది ఎక్కువ చూపుచున్నదని తేలెను. గది గాలి బాగుగానున్నను, వంగి పనిచేయువాని ముక్కు చెంత గాలి వేరు. దూరమున కూర్చుండి "అంతా బాగుగనే యున్నది" అనుకొనువారమందరము దీనిని ఆలోచింపవలెను.

రోగి వచ్చువరకు కనిపెట్టక తానే పోయి వెదకుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 1912లో మదనపల్లె యొద్ద ఆరంభమైన ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయపు వైద్యులు, 1950 నుండి 1955 వరకు చుట్టుప్రక్కల పల్లెలలో దగ్గులేని వారికి సహితము ఎక్స్‌రే తీసి వ్యాధిని వెదకిరి. దగ్గు రాకమునుపు ఊపిరితిత్తిని చూచుట వారి పని. ఊపిరితిత్తి చెడకమునుపు గాలిని చూచుట మన పని.

చిన్న షాపువాడు ఆ ఖర్చు భరింపగలడా యని కొందరు అడుగుదురు. ఒక్కడు భరింపలేని దానిని ఒక వీధిలోని పది షాపులవారు కలిసి భరింపవచ్చును. మరియు తెలిసిన పనులు కొలతకై కనిపెట్టనక్కరలేదు. పొగ పుట్టినచోటనే లాగివేయు గొట్టము పెట్టవచ్చును. అతుకు చోట జింకు పూతను ముందుగా తీసివేయవచ్చును. పొగ నిట్టనిలువుగా లేచునప్పుడు దానిపై తల వంచకుండవచ్చును. ముక్కునకు కట్టిన తువాలు ఆ కణములను ఆపజాలదు; తగిన మాస్కు బిగువుగా ధరింపవలెను. తిరుపతి, వెల్లూరుల పెద్ద ఆసుపత్రులలో ఊపిరి పరీక్ష చేయించుకొనవచ్చును. అయితే కొలత గాలిని శుభ్రము చేయదు. కొలిచి, కాగితమును సొరుగులో దాచినవాడు కొలువనివానికంటె ఎక్కువ దోషి.

నేను యజమాని తప్పునే వ్రాసి ముగింపలేను. నిరుడు మా గుడి కిటికీలకు గ్రిల్లులు చేయించినప్పుడు, ఆ షాపులోనే నిలిచి బేరమాడి కిలోకు ఐదు రూపాయలు తగ్గించినవాడను నేనే. సంఘపు సొమ్ము మిగిల్చితినని సంతోషించితిని. ఆ దినమున షెడ్డు నిండ పొగ కమ్మియుండెను. పిల్లవాడు లోపల వంగి అతుకుచుండెను. నేను కండువా ముక్కునకు అడ్డము పెట్టుకొని వాకిట నిలిచితిని. నాకు తెలియదని ఎట్లు చెప్పగలను? నా నోరు బేరమాడుచుండగా నా చేయి కండువాను ముక్కునకు తీసికొనిపోయెను గదా!

ఈ యేడు గుడికి గేటు చేయింపవలసియున్నది. పెద్దలతో ఈ మాట చెప్పితిని. ఆ యజమాని యొద్దకే పోవుదుము. కాని మొదట అడుగు మాట ధర కాదు. పొగ పోవు దారి, పిల్లల ముఖములకు మాస్కు. అందుకు కిలోకు అయిదు రూపాయలు ఎక్కువైన యెడల ఇచ్చుదుము. అవి నిరుడు మనము ఇయ్యక మిగుల్చుకొన్నవే.