వరుసలో నిలువలేని బిడ్డ

ధ్యానభాగము: యోహాను సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 9 వరకు



38 ఏండ్లనుండి వ్యాధిగలవాడై బేతెస్ద కోనేటియొద్ద పడియున్న మనుష్యుని సంగతి మనమందరము ఎరుగుదుము. నీళ్లు కదలినప్పుడు మొదట దిగినవాడు బాగుపడునని అక్కడివారి నమ్మిక. (దేవదూత వచ్చి నీళ్లు కదలించుననెడి మాట కొన్ని ప్రాచీన ప్రతులలో లేదు. ఆ చర్చ ఇప్పుడు వద్దు.) మేము అడుగునది వేరు. ఆ మనుష్యునికి అన్యాయము చేసినదెవరు? అతనిని ఎవడో పట్టి వెనుకకు లాగినట్లు వ్రాయబడలేదు. కోనేటి నియమము ధనికునికిని బీదవానికిని ఒక్కటే: ముందు దిగినవానికే మేలు. అంత సమానమైన నియమము క్రిందనే అతడు పడియుండెను. నన్ను దింపువాడు లేడు, నేను వచ్చునంతలో మరియొకడు దిగుచున్నాడు అని ప్రభువుతో మొరపెట్టుకొనెను.

ఈ భాగము మాకు మరల జ్ఞాపకము వచ్చుటకు కారణము, ఉద్యోగము నిమిత్తము అమెరికాలో కాపురమున్న మన పాస్టరేటు కుటుంబమువారు సెలవులకు వచ్చి చెప్పిన మాట. వారి యేడేండ్ల పిల్లవానికి ఆటిజము ఉన్నది. వానిని ఒక వినోదవనమునకు తీసికొనిపోయిరట. వరుసలో నిలువలేక వాడు నేలబడి కొట్టుకొనగా, చుట్టునున్నవారు తల్లివైపు చూచిన చూపు ఆమె మరువలేదు. “అయ్యగారూ, మావాణ్ణి ముందు పంపమని అడగడం తప్పా? వెనకాల ఉన్న పిల్లలూ పిల్లలే కదా” అని ఆమె అడిగినది. ఇది తేలికైన ప్రశ్న కాదు.

ఆ వనములను గూర్చి కొంత చెప్పవలెను. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ 1955లోను, ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971లోను తెరువబడెను. మన జాతరలోని రంగులరాట్నము వంటివి, దానికంటె ఎన్నో రెట్లు పెద్దవి, అక్కడ అనేకములు కలవు. రద్దీ దినములలో ఒక్కొక్కదానికి గంటయు అంతకు మించియు వరుసలో నిలువవలెను.

ఆటిజము అంటువ్యాధి కాదు, దయ్యము అంతకన్న కాదు. దయ్యమని చెప్పి బిడ్డను కొట్టించువారు మన గ్రామములలో ఇంకను ఉన్నారు గనుక ఈ మాట గట్టిగా వ్రాయుచున్నాము. అది మెదడు ఎదుగుదలలోనే చిన్ననాటినుండి యుండు భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసి దీనిని లోకమునకు తెలియజేసెను. తరువాత కొందరు పండితులు తల్లి ప్రేమ చల్లారుటవలన బిడ్డ ఇట్లగునని బోధించి, అనేకమంది తల్లులను ఏడ్పించిరి. అట్టి కుమారునికి తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. వీడు చేసిన పాపమా, వీని కన్నవారు చేసినదా అని శిష్యులు అడిగిన ప్రశ్న (యోహాను 9) పండితుల నోటను పుట్టగలదు! మన దేశమందు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టమును, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఆటిజమును పేరుపెట్టి చేర్చుకొన్నవి.

ఇట్టి పిల్లలందరు ఒక్క తీరున ఉండరు. కొందరికి మనము లెక్కచేయని చప్పుడు చెవిలో సూదివలె గుచ్చును. కొందరు పరులు తాకిన ఓర్వలేరు. కొందరికి “ఇంకొంచెముసేపు” అను మాటకు అర్థము లేదు. ఎప్పుడు తీరునో తెలియని నిరీక్షణ వారికి భయము. మనము గంటసేపు నిలిచిన కాళ్లు నొచ్చును. ఆ బిడ్డకు కలుగునది కాళ్లనొప్పి కాదు. కాబట్టి ఇద్దరిని ఒకే వరుసలో ఒకే గంట నిలిపినయెడల ఇద్దరిమీద ఒకే బరువు పెట్టితిమని చెప్పుటకు వీలులేదు.

ఆ డిస్నీవారు పూర్వము ఇట్టివారికి ఒక చీటి ఇచ్చెడివారు. అది చూపినవారిని వేరుద్వారమున శీఘ్రముగా పోనిచ్చెడివారు. అయితే 2013లో ఒక సంగతి బయటపడెను. కొందరు ధనవంతులు వికలాంగులను కూలికి పిలుచుకొని, వారి చీటిని అడ్డుపెట్టుకొని తమ పిల్లలను ముందుకు నడిపించుకొనిరని పత్రికలు వ్రాసెను. ఆ సంవత్సరమే యాజమాన్యము పద్ధతి మార్చెను. అప్పటినుండి అట్టి కుటుంబమునకు ఒక వేళ చెప్పుదురు. వరుసలో నిలువకుండ, నీడలోనో నెమ్మదియైన చోటనో ఉండి, ఆ వేళకు తిరిగి రావలెను.

కొన్ని కుటుంబములకు అదియు చాలలేదు. మా బిడ్డకు వేచియుండుటయే తెలియదు, క్రమము తప్పిన తట్టుకొనలేడు అని న్యాయస్థానమునకు ఎక్కిరి. 2018లో పై న్యాయస్థానము విచారణ జరుగవలెనని పంపగా, 2020లో న్యాయాధిపతి యాజమాన్యము పక్షమున తీర్పు చెప్పెను. వారు కోరినట్లు వేచియుండకుండ పంపినయెడల తక్కినవారి నిరీక్షణ మిక్కిలి పెరుగుననియు, మోసమునకు మరల దారి తెరచుకొనుననియు తీర్పులోని భావము.

మోసగాండ్లను గూర్చి మాకు గేహజీ కథ తోచుచున్నది (2 రాజులు 5). నయమాను కుష్ఠము పోయిన తరువాత ఎలీషా సేవకుడు అబద్ధమాడి వెండియు వస్త్రములును సంపాదించుకొనెను. ఒకని వ్యాధి ఇంకొకనికి వ్యాపారమాయెను. అయితే శిక్ష గేహజీమీదికి వచ్చెనుగాని నయమాను శుద్ధి వెనుకకు తీసికొనబడలేదు. కూలికి వికలాంగుని తెచ్చినవానికి తగినది చేయవచ్చును. దానిని నిజముగా అవసరమైన బిడ్డనుండి రాబట్టకూడదు.

వెనుకనున్న పిల్లల మాట ఏమి? దీనిని మేము తప్పించుకొనము. మార్కు 5లో యాయీరు కుమార్తె చావనైయుండెను. ప్రభువు అతనితో బయలుదేరెను. దారిలో 12 ఏండ్ల రక్తస్రావముగల స్త్రీ వచ్చెను. ప్రభువు నిలిచి ఆమెతో మాటలాడుచుండగానే బిడ్డ చనిపోయినదని కబురు వచ్చినది. ఆ ఆలస్యము యాయీరుకు నిజమైన నష్టమే. ప్రభువు దానిని చిన్నదని అనలేదు, భయపడవద్దని అతనికి ధైర్యము చెప్పి ఇంటికి వెళ్లెను. ఒకరికి ముందు చోటిచ్చిన, ఆ ఖర్చు ఎవరో భరింతురు. భరించువానిని తృణీకరించుట న్యాయము కాదు. కాబట్టి నిలువలేనివారు బయటనుండి తమ వేళకు రావలెనను ఏర్పాటును మేము తప్పుపట్టము; అది అందరి కష్టమును తలంచినది. న్యాయాధిపతి వేలమందిని చూడవలెను గదా. ఆ ఏర్పాటును భరింపలేని బిడ్డలు కొందరు మిగిలియుందురు. అక్కడ చట్టము ఆగిపోవును. వరుసలోనున్న మనిషి, “అమ్మా, నా చోటులోనికి రండి” అని తన చోటు తాను ఇచ్చుటను ఏ చట్టము ఆపలేదు, ఏ చట్టము బలవంతపెట్టలేదు.

ఇంకొక మాట. 2021లో అదే వనములలో అధిక రుసుము చెల్లించినవారు చిన్న వరుసలో పోవు ఏర్పాటు వచ్చినది. డబ్బిచ్చి ముందుకు పోవువానిని చూచి గొణుగనివారు, ఏడ్చుచు పోవు బిడ్డను చూచి ఏల గొణుగుదురు? బంగారు ఉంగరము గలవానికి మంచి చోటిచ్చు సంఘమును యాకోబు గద్దించెను. ఆసుపత్రి ఓపీ వరుసలో తెలిసినవారిని పట్టుకొని ముందుకు పోవుట మనలో లేదా?

టెక్సాస్ రాష్ట్రమందలి శాన్ ఆంటోనియోలో గోర్డన్ హార్ట్‌మన్ అను ఆయన వైకల్యముగల తన కుమార్తె మోర్గన్ పేర ఒక వనము కట్టించి 2010లో తెరచెను. వదలివేసిన రాతిగని స్థలమది. వైకల్యముగలవారికి ప్రవేశ రుసుము లేదు. ఇతరులను వారితో కలిసి ఆడుకొందురు. ఉన్న వరుసలో చోటు వెదకుటకు బదులు, చోటు వారినిబట్టియే కట్టబడినది.

మనకు వనము లేదు, కోతపండుగ ప్రేమవిందు ఉన్నది. మన సంఘములో ఒక బాలుడు డోలు మ్రోగగానే చెవులు మూసికొనును. విందులో పంక్తికై కాచుకొనలేక ఏడ్చుటచేత, వరుసగా రెండు సంవత్సరములు వాని తల్లి వానిని ఆకలితోనే ఇంటికి తీసికొనిపోయినది. నిరుడు ఆమె రానేలేదు. ఈ యేడు పాటలకు ముందే పాస్టరు ఇంటి అరుగుమీద వానికి మొదటి విస్తరి వేయుదమని మేము చెప్పగా, పెద్దలలో ఒకరు, “ఒకరికి వేస్తే రేపు అందరూ అడుగుతారండీ” అనిరి. ఆ న్యాయాధిపతి భయమే ఆయనదియు, కొట్టిపారవేయదగినది కాదు. రెండవ ఆదివారము ఆరాధనయైన తరువాత సంఘ కమిటీ కూడును. ఆ తల్లిని కూడ రమ్మని పిలిచియున్నాము.