మన బాకీల చిట్టా

సిరిసిల్ల కరీంనగర్ జిల్లాలో ఉన్న రోజులవి. 2000 దశకంలో అక్కడ సాంచెలు నడిపి బతికే నేత కార్మికులు పనిలేక, అప్పులపాలై ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ వార్తలు చదివి ప్రభుత్వాన్ని తప్పుపట్టాం. కష్టజీవుల పాటలు విని కంటతడి పెట్టాం. సామాజిక న్యాయం గురించి గంటలకొద్దీ చర్చించాం.

మరి మనకే బాకీపడ్డ పేదవాని గుమ్మం ముందు నిలబడి ఎలా మాట్లాడాం?

బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే అతని పరిస్థితి మెరుగుపడేదాకా గడువివ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని దివ్యఖుర్ఆన్ (2:280) బోధిస్తోంది. పాలకులను ప్రశ్నించాల్సిందే. కాని ప్రళయదినాన మన చేతిలో ఉన్నదాని లెక్క మనమే చెప్పాలి. ఈ రాత్రే మన బాకీల చిట్టా తిరగేద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.