అసలు రంగు

ఆదోనిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 1982 నాటి ప్రీమియర్ పద్మిని కారు ఉంది. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున ఎట్లా ఉందో అట్లాగే దాన్ని తిరిగి చేయించాలని మా తమ్ముడి పట్టుదల. పోయిన వేసవిలో పెయింటింగ్ మేస్త్రీ వచ్చి, ఎడమ తలుపు మీద రూపాయి బిళ్ళంత మేర నీళ్ళు చల్లుతూ ఎమరీ కాగితంతో రుద్దాడు. చెట్టు మానులో వలయాల్లా పొరలు బయటపడ్డాయి. నడిమధ్య బూడిదరంగు ప్రైమరు, దాని చుట్టూ కుర్లాలో వేసిన లేత నీలం, తర్వాత నాన్న వేయించిన తెలుపు, చివరి అంచున ముదురు ఆకుపచ్చ.

ఆ ఆకుపచ్చ అమ్మది. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆమెను స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆయన పోయాక నలభై అయిదో ఏట నేర్చుకుని, ఎమ్మిగనూరులోని పుట్టింటికి తనే నడుపుకుంటూ వెళ్ళేది. ఒకసారి అక్కడ గేటు స్తంభానికి తలుపు గీసుకుపోతే, కిటికీ ఊచలకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బా తెచ్చి బ్రష్షుతో వేసేసింది.

“తెలుపు నాన్న వేయించింది, పచ్చ అమ్మ పూసేసింది. రెండూ గీకేస్తే అసలుది వస్తుంది” అన్నాడు తమ్ముడు. ‘వేయించడానికీ’ ‘పూసెయ్యడానికీ’ మధ్య దూరం గురించి వాడు ఆలోచించలేదు. భాష వాడి తరఫున ఆలోచించేసింది.

1960లలో అమెరికాలో వచ్చిన జీటీఓ, మస్టాంగ్ వంటి ‘మజిల్ కార్ల’ను పునరుద్ధరించేవాళ్ళు ఈ విషయంలో మరీ నిష్ఠాపరులు. ఫ్యాక్టరీలో తనిఖీ చేసిన కార్మికుడు సుద్దతోనో రంగుతోనో పెట్టిన గుర్తులను కూడా మళ్ళీ గీస్తారు. తొందరలో పక్క భాగాల మీద పడిన రంగు తుంపరలను కూడా కొలత చూసి మళ్ళీ చల్లుతారు. రంగు మరీ నున్నగా వస్తే అదీ తప్పే, కంపెనీ అంత బాగా వెయ్యలేదు కాబట్టి. అంటే కంపెనీ అజాగ్రత్త ప్రామాణికం, ఆ తర్వాత ఇంట్లో పడిన ప్రతి గీతా మచ్చ. అక్కడి కార్లకు కండల పేరు పెట్టారు. మన కారుకు 1974లో, మానం కోసం అగ్నిలో దూకిందని చెప్పే చిత్తోర్ రాణి పేరు పెట్టారు.

పాత కార్ల బేరం ఎప్పుడైనా విన్నారా? సింగిల్ ఓనరేనా, ఒరిజినల్ పెయింటేనా, ఎక్కడైనా దెబ్బ తగిలిందా? పట్టీ పెట్టిన చోట అయస్కాంతం అంటుకోదని ఒళ్ళంతా దాన్ని తిప్పి చూస్తారు. ఈ ప్రశ్నలు నేను పెళ్ళిచూపుల్లోనూ విన్నాను. ‘అసలు’ అన్న మాట ఎంత అమాయకంగా కనిపించినా, దాని వెనక ఎవరూ తాకని శరీరం గురించిన కోరిక ఒకటి ఉంది.

అయితే అసలును వెతకడమే తప్పు అనగలనా? నేను సాహిత్య పరిశోధకురాలిని. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1887లో వెంకటనరసు అచ్చువేసినప్పుడు కొన్ని పద్యాలను, కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠికను వదిలేశాడు. బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి 1910లో పూర్తి పాఠాన్ని తెచ్చారు. ఆమె అసలు కోసం పట్టుబట్టకపోతే ముద్దుపళని మనకు సగమే మిగిలేది.

చాలా రోజులు ఈ రెంటి మధ్యా ఊగిసలాడాను. చివరికి తేడా రంగులో లేదని తోచింది. నాగరత్నమ్మ చేసింది, ఒకామె నుంచి తీసేసిన దాన్ని తిరిగి ఆమెకు అప్పగించడం. తమ్ముడు చెయ్యబోతున్నది, ఒకామె చేర్చిన దాన్ని గీకెయ్యడం. రెంటినీ ‘పునరుద్ధరణ’ అనే అంటాం. మనం విశ్వాసంగా ఉండాల్సింది మొదటి క్షణానికా? లేక ఆ వస్తువుతో బతికిన మనుషులకా?

ఎమ్మిగనూరు 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘంతో పేరుపడ్డ ఊరు. మా అమ్మమ్మ అక్కడ జీవితమంతా కండెలు చుట్టింది, తెగిన పోగులు ముడేసింది. నేసినవాడిగా పేరు మాత్రం మగ్గం మీద కూర్చున్న తాతదే. ముడి కనిపించకపోతే మంచి నేత. బాగుచేసిన చెయ్యి కనబడకుండా పోవడమే ఆ చేతి నైపుణ్యానికి కొలత! అమ్మ పచ్చరంగు చేసిన నేరం కూడా కనబడటమే.

ఇదంతా తమ్ముడికి చెప్పి, తలుపు అట్లాగే ఉంచమని వాదించాను. కోపాలొచ్చాయి. రెండు వారాలు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఇద్దరిలో ఎవరమూ అమ్మను అడగలేదని.

అడిగితే నవ్వింది. “ఆ పచ్చ నాకూ బాగలేదు. అప్పుడు చేతిలో అదే ఉండె, వేసినా. గీకితే గీకండి. పెయింటైనంక బండి నాకిస్తారా, లేక షెడ్డులోనే గుడ్డ కప్పి పెట్టుకుంటారా? అది చెప్పండి ముందు.”

తమ్ముడి దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు. వాడు నాన్న కారును కాపాడుతున్నాడు, నేను అమ్మ గుర్తును కాపాడుతున్నాను. ఆమెకు గుర్తు అక్కర్లేదు, తాళంచెవి కావాలి.

కారు ఇంకా ఆ షెడ్డులోనే ఉంది, రూపాయి బిళ్ళంత వలయంతో.