ప్రకృతి సాక్ష్యము

తమకు నచ్చని నడవడి కంటబడినంతనే "ఇది ప్రకృతి విరుద్ధము" అని తీర్పు చెప్పుట లోకమున పరిపాటి. అట్లు ప్రకృతిని సాక్షిగా పిలుచువారు ఆ సాక్షి చెప్పునదంతయు విన సిద్ధముగా నున్నారా యని మా సందేహము.

మన గౌతమీ తీరమున ప్రసిద్ధమైన పండుగప్పనే చూడుడు. అది సాధారణముగా మొదట మగచేపయై, కొన్నియేండ్లకు దేహము పెరిగిన పిమ్మట ఆడుచేపగా మారును. పగడపు దిబ్బలలో ఇతర మత్స్యముల ఒడలిపై పురుగులనేరి తిను చిన్న చేప యొకటి కలదు. ఒక మగది, కొన్ని ఆడువి గుంపుగా బ్రతుకును. మగది చచ్చిన కొన్ని గంటలలోనే ఆడువానిలో పెద్దది మగదానివలె మెలగ నారంభించి, సుమారు రెండు మూడు వారములలో బీజోత్పత్తికి సమర్థమగునని రాబర్ట్‌సన్ అను శాస్త్రజ్ఞుడు 1972లో ప్రకటించెను.

ఇట్లేల జరుగును? దేహ పరిమాణమే కారణమని 1969లో గిసెలిన్ ప్రతిపాదించెను. పెద్ద ఆడుచేప హెచ్చుగ్రుడ్లు పెట్టగలదు. కనుక పండుగప్పకు పెరిగిన పిదప ఆడుదగుట లాభము. పెద్ద మగది గుంపునేలు చోట తుదకు మగదగుట లాభము. ఆరొమటేజు అను ఎంజైము పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చును. ఆడుది మగదగునపుడు దాని పని క్షీణించును. మగది ఆడుదగునపుడు హెచ్చును.

చేపలలో నున్నది గనుక మనుష్యులలోను ఒప్పునని వాదింపవచ్చునా? మేమంగీకరింపము. పెద్దచేప చిన్నచేపను మ్రింగుటయు ప్రకృతియే. దానికి మన పెద్దలు మత్స్యన్యాయమని పేరిడి, అది మానవులలో చెల్లకుండుటకే రాజదండమనిరి. ప్రకృతి యెట్లున్నదో చెప్పును, మనమెట్లుండవలెనో చెప్పదు. ఆమె నిందించుటకును సాక్షి కాదు, సమర్థించుటకును సాక్షి కాదు.

2014 ఏప్రిల్ 15వ తేదీన సుప్రీంకోర్టు హిజ్రాలను తృతీయ లింగముగా గుర్తించినపుడు ఆధారముగా గొన్నది రాజ్యాంగమునందలి సమానత్వ, స్వాతంత్ర్య హక్కులను, జంతుశాస్త్రమును గాదు. అదియే సరియైన పునాది.

తమవలె లేడని కన్నబిడ్డను వీధిలోనికి గెంటు తలిదండ్రులు నేటికిని కలరు. వారు ప్రకృతి పేరు చెప్పి తప్పించుకొనజాలరు. పండుగప్ప గుణము పండుగప్పది. గుమ్మములో నిలిచిన బిడ్డకు అన్నము పెట్టుటయా, మానుటయా యనునది మాత్రము మనది; దానికి మనమే జవాబుదారులము.