సెంటు కొట్టడం కాదు నాయనా, సీటు ఎత్తు

కాణిపాకంలో బండికి పూజ చేయించావు, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించావు, ముందద్దం మీద గోవింద నామం అంటించావు. సంతోషం నాయనా. అప్పు తెచ్చి కొన్న టెంపో ట్రావెలర్, నెల తిరిగేసరికి కంతు కట్టాలి, నిలబెడితే కుదరదు. అదంతా నాకు తెలుసు. కానీ బయట అంత తళతళలాడే బండి, లోపలికెక్కితే ఆ వాసనేంది? ఏసీ కన్నానికి సెంటు సీసా తగిలించావు. అది మల్లెపూల వాసనా కాదు, వాంతి వాసనా కాదు, రెండూ కలిసి ఇంకేదో. ఎక్కిన ఆడబిడ్డ చీర చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నువ్వు చూడలా.

నిన్ను తిట్టాలని కాదు. నువ్వు మంచివాడివే. తెల్లవారకముందే తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర పార్టీని ఎక్కించుకుంటావు. కొండ, తిరుచానూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పుకొస్తావు. వాళ్ళని దించేలోపే అరుణాచలం పార్టీ ఫోను చేస్తుంది. మధ్యలో గంట దొరికితే వాటర్ సర్వీసింగ్‌కి పోయి, లోపల కూడా పైపు పెట్టించి, సెంటు కొట్టి, తలుపులు మూసి తోలుకుపోతావు. చేటంతా ఆ గంటలోనే ఉంది. బండి లోపల కడగడానికి సబ్బు తక్కువైనా ఫరవాలేదు, టైము తక్కువైతే పనికిరాదు. ఆ ఒక్క మాట చెప్పడానికే కూర్చోబెట్టా నిన్ను.

ఘాట్ రోడ్డు దిగడానికి ఇంత టైము పట్టాలని దేవస్థానం వాళ్ళు లెక్క పెట్టారు కదా. అంతకంటే ముందు అలిపిరికి వచ్చేస్తే తప్పే. దిగడానికే అంత నిదానం కావాల్సినప్పుడు, దిగిన బండిని కడగడానికి నిదానం అక్కర్లేదా?

యాత్ర బండి మురికి వేరు, సొంత కారు మురికి వేరు. మనం దిగేది 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు. ఎక్కడానికి 1974లో వేరే రోడ్డు వచ్చింది గానీ, దిగడం మాత్రం ఇప్పటికీ ఆ ఇరుకు మలుపుల్లోనే. జనం వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో కడుపునిండా తిని బండెక్కుతారు. నాలుగు మలుపులు తిరిగేసరికి వెనక సీట్లో బిడ్డ కక్కుతుంది. పాపం ఆ తండ్రి నామోషీతో తువ్వాలుతో పైపైన తుడిచి, నీకు చెప్పకుండా ఊరుకుంటాడు. అది సీటు రైలు వెంట జారి, బోల్టు కన్నాల దగ్గర మ్యాటు కిందికి దిగిపోతుంది. నువ్వు మ్యాటు పైన ఫినాయిల్ పోస్తావు. కంపు కింద ఉంటే పైన పోసి ఏం లాభం?

కక్కుని ముందు రేకు ముక్కతో గీకి తియ్యి. తర్వాత చన్నీళ్ళలో పిండిన గుడ్డతో అద్దు, రుద్దొద్దు. వేడినీళ్ళు పోశావా, అందులోని పాలూ పెరుగూ దారాలకు పట్టేసుకుంటాయి. తర్వాత వంటసోడా చల్లి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున వ్యాక్యూమ్ పెట్టు. రాత్రంతా అన్నాను, విన్నావా? పది నిమిషాలు కాదు.

ఇక సీటు సంగతి. కూర్చునేదానికీ వీపానించేదానికీ మధ్య సందు ఉందే, అందులో ఎప్పుడైనా చెయ్యి పెట్టావా? రబ్బరు గ్లౌజు తొడుక్కుని పెట్టు, పిన్నీసులుంటాయి. బూందీ పలుకులు వస్తాయి, జీడిపప్పు ముక్క వస్తుంది, పాలసీసా మూత వస్తుంది, గుండు చేయించుకున్నాక మెడ మీద మిగిలిన వెంట్రుక ముక్కలు వస్తాయి. నెయ్యంటిన బూందీకి చీమలు చేరతాయి, ఆపైన బొద్దింకలు, ఆపైన ఎలుక. ఆ ఎలుక సీటు స్పాంజితో ఆగదు, వైరు కొరుకుతుంది. నడిరోడ్డు మీద లైట్లు పోయిన రోజున మెకానిక్‌ని తిట్టుకుంటావు గానీ, మొదలు ఆ లడ్డు ముక్క దగ్గరుందని నీకు తట్టదు.

సీటు కింద కూడా వంగి చూడు. బెంగళూరు పార్టీ వదిలేసిన గుట్కా పొట్లం, సిగరెట్ పెట్టె అలిపిరి తనిఖీలో దొరికితే, అవి ఎవరివని నువ్వు చెప్పుకుంటావు? పాపం దేవుడి దగ్గరికి పోతున్న ఆ ముసలివాళ్ళు నీ వల్ల తలవంచుకోవాలా? ఖాళీ నీళ్ళ సీసా అయితే మరీ ప్రమాదం. దిగుడు రోడ్డులో వెనకనుంచి దొర్లుకుంటూ వచ్చి బ్రేకు పెడల్ కిందికి దూరిందంటే నీ కాలు ఆనదు. డ్రైవరు సీటు ముందు మ్యాటు జారకుండా బిగించు. డాష్‌బోర్డుకి ఆ జిడ్డు పాలిష్ మానెయ్యి, ఎండలో అద్దం మీద మెరుపు పడి మలుపులో కళ్ళు చెదురుతాయి. స్టీరింగుకి అసలే పుయ్యొద్దు.

మరకలకి తొందర పనికిరాదు. గుండు చేయించుకున్నవాళ్ళు తలకి గంధం పూసుకుంటారు, అది తలానించే చోట అంటుతుంది. ఎండిన గంధాన్ని తడి చేస్తే గుడ్డలోకి ఇంకిపోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, మిగిలిందే తడిగుడ్డతో తుడువు. కుంకుమకీ అదే పద్ధతి. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది, నువ్వు భయపడి ఇంకా రుద్దుతావు. భయపడకు, కడిగి ఎండలో పెట్టు, పసుపు ఎండకి వెలిసిపోతుంది. నెయ్యి మరకకి నీళ్ళకంటే ముందు బియ్యప్పిండి చల్లి కాసేపు వదిలితే జిడ్డు పీల్చుకుంటుంది. మన ఇళ్ళల్లో ఉన్నవే ఇవన్నీ. మీ అవ్వనడిగినా చెప్పేది.

పైనుంచి కిందికి రావాలి. ముందు సీలింగు, ఏసీ కన్నాలు, లగేజీ అర, అద్దాలు, కర్టెన్లు, తర్వాత సీట్లు, చిట్టచివర నేల. నువ్వు నేల కడిగి సీలింగు దులుపుతావు, దులిపిందంతా మళ్ళీ కడిగిన నేల మీదే పడుతుంది. ఏసీ జాలీ తీసి కడిగి ఆరబెట్టు. ట్రిప్పు ముగిసే ముందు చివరి రెండు మూడు కిలోమీటర్లు ఏసీ ఆపి గాలి మాత్రం తిప్పితే, లోపల తేమ ఆరి ముక్కిన వాసన పట్టదు. డబ్బు ఖర్చులేని పని ఇది, బద్ధకించకు.

అసలు మాటకి ఇప్పుడొస్తున్నా. లోపలికి పైపు పెట్టొద్దు. లైట్లకీ స్పీకర్లకీ సెల్లు ఛార్జింగుకీ వైర్లన్నీ ఆ గోడల్లోనే, ఆ సీట్ల కిందే పోతున్నాయి. మ్యాటు కింద ప్లైవుడ్ ఉంటే అది తడిసి ఉబ్బుతుంది, దాని కింద రేకు తుప్పు పడుతుంది. సీటు స్పాంజి నీళ్ళు తాగిందంటే పైన చెయ్యి పెడితే పొడిగా అనిపిస్తుంది గానీ లోపల తడి అట్లాగే ఉంటుంది. తడి గరిటె పెట్టిన ఆవకాయ జాడీకి మూత బిగిస్తే ఏమవుతుందో, తడి సీట్లతో తలుపులు మూసిన బండికీ అదే అవుతుంది. బూజు. ఆ బూజు వాసన మీద నువ్వు సెంటు కొడతావు.

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. తిరుపతి వీధుల్లో బండ్లు నీళ్ళలో నిలబడిపోయాయి. అప్పుడు సీట్లన్నీ విప్పి, మ్యాట్లు పీకి, నేల పూర్తిగా ఆరేదాకా ఓపికపట్టిన బండికీ, తుడిచి వాడేసిన బండికీ తేడా ఆ తర్వాత తెలిసింది. మనకి పెద్ద వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లోనే. తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలూ, శబరిమల ట్రిప్పులూ అప్పుడే. తడి గొడుగులు, తడి తువ్వాళ్ళు, తడి చెప్పులు అన్నీ నీ బండిలోకే వస్తాయి. అందుకని ఎండ కాసిన పూట వదులుకోవద్దు. తలుపులన్నీ బార్లా తెరిచి, గుడ్డ కవర్లు ఎండలో, రెక్సిన్ సీట్లు నీడలో పెట్టు. రెక్సిన్‌ని మన చిత్తూరు ఎండకి రోజంతా వదిలితే పగిలిపోతుంది. ఆరిందో లేదో చేత్తో కాదు, స్పాంజి మీద పొడి గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి చూడు. గుడ్డకి తేమ తగిలితే ఆరనట్టే.

మందుల విషయంలో మొండికెయ్యొద్దు. బ్లీచింగ్ పౌడరూ, బాత్రూం కడిగే యాసిడూ కలిపితే విషవాయువు పుడుతుంది. మూసిన బండిలో అది ఊపిరితిత్తులకే ఎసరు. చిన్నబిడ్డ ఉచ్చ పోసిన చోట బ్లీచింగ్ చల్లినా మంచిది కాదు. సీట్ల కింద కలరా ఉండలు పెట్టొద్దు, వాటి గాలి చంటిబిడ్డలకి పడదు. సాంబ్రాణి వెయ్యాలని ఉంటే బండి బయట వేసుకో, కర్టెన్ల మధ్య నిప్పు వద్దు. ఏ మందు వాడినా తలుపులు తెరిచే వాడు.

ఇంకో సంగతి. రాత్రంతా నీతో మేలుకున్న క్లీనర్ పిల్లోణ్ణి దిగీదిగగానే బకెట్టిచ్చి లోపలికి తోలొద్దు. వాడూ ఒక తల్లి బిడ్డే. ముందు పడుకోనీ, నువ్వూ పడుకో. లేచాక ఇద్దరూ కలిసి చెయ్యండి. వాడికి గ్లౌజులు కొనివ్వు, కక్కు కడిగిన రోజు చేతిలో ఇంకో యాభై పెట్టు. ఇంటికి పోయి ఆ కర్టెన్లు మీ ఆవిడ ముందు కుప్ప పొయ్యొద్దు. ఉతికేది ఆమే అయితే, నానబెట్టి పిండేది నువ్వయ్యుండాలి.

మంచం, పొయ్యి, మరుగుదొడ్డి ఉండే కారవాన్ కొనాలని కూడా మనసులో ఉందట కదా. ఒకప్పుడు అవి సినిమావాళ్ళకే. 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ టూరిజానికి విధానం తెచ్చింది, మన పక్క కూడా జనం అడుగుతున్నారు. అమెరికాలో మనవాళ్ళ పిల్లలు ఆర్వీ అని అద్దెకు తీసుకొని నేషనల్ పార్కులు తిరుగుతారు. తిరిగిచ్చే ముందు మురుగు ట్యాంకు దానికని కట్టిన చోటికి పోయి ఖాళీ చేస్తారు. చెయ్యకపోతే అద్దెకిచ్చినవాళ్ళు అదనంగా డబ్బు పట్టుకుంటారు. ఇక్కడ పట్టుకునేవాడు లేడని నువ్వు ఏ చెరువు గట్టునో వదిలేసేవు, ఆ నీళ్ళు ఊరి పశువులు తాగుతాయి. తాగునీటి ట్యాంకు వాడని రోజుల్లో వట్టిది చెయ్యి. పరుపు ఎత్తి నిలబెట్టు, మనుషుల ఊపిరి తేమ దాని కిందే చేరుతుంది. చెప్పాగా, ఏ బండికైనా శత్రువు ఆరని తడే. ఈ ట్రావెలర్‌ని ఏడాది పాటు శుభ్రంగా పెట్టి చూపించు, ఆ తర్వాత కారవాన్ మాట మాట్లాడు.

బాడుగ పోతుందనే కదా నీ తొందర? బండిలో వాసన వస్తే యాత్రికులు నీతో గొడవపడరు నాయనా. నవ్వుతూ డబ్బులిచ్చి, దండం పెట్టి దిగిపోతారు. వచ్చే ఏడాది ఇంకొకరికి ఫోను చేస్తారు. పోయిన బాడుగ నీకు లెక్క తెలుస్తుంది, రాని ఫోను లెక్క తెలీదు.

ఈ వారం ఎవరడిగినా ఒక పగలూ రాత్రీ బండి లేదని చెప్పు. సీట్లు విప్పు, మ్యాట్లు ఎత్తు, బోల్టు కన్నాల దాకా తుడిచి పూర్తిగా ఆరనీ. స్పానర్లు లేకపోతే మా ఇంటికి రా, నా దగ్గరున్నాయి.